చెయ్యి చూస్తేనే బుస కొడుతున్నాయి, ఏం చెయ్యను?

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆమె భర్త పెదనాన్నగారి అబ్బాయి కుటుంబం బదిలీ మీద బెంగళూరు వెళ్తూ, తమ రెండు కాకటీల్ చిలుకల్ని ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు. ఈమె చూడటానికి వెళ్లారు. వాషింగ్ మెషీన్ పక్కన, బట్టలారేసే తీగ కింద ఒక గుండ్రటి పంజరం. అడుగున గట్టిపడిన రెట్ట. గిన్నెలో పొద్దుతిరుగుడు గింజలు. నాలుగేళ్లుగా అవి అక్కడే ఉన్నాయట. కొన్న కొత్తలో వాళ్లబ్బాయి ఆడుకునేవాడు. ఆ తర్వాత గింజలు వేయడం, నీళ్లు పోయడం తప్ప ఎవరూ దగ్గరికి పోలేదు. "ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఆటోలో పెట్టుకుని తెచ్చేశాను" అని రాశారు.

తెచ్చి 26 రోజులైంది. ఒకటి బూడిద రంగుది, పసుపు ముఖం, బుగ్గల మీద నారింజ చుక్కలు. రెండోది తెల్లది, కళ్లు ఎర్రగా ఉంటాయి, తల మీది కుచ్చు వెనకాల బట్టతల. రొమ్ము మీద ఈకలు పీక్కుంటుంది. పాత ఇంట్లో రెండు మూడు సార్లు గుడ్లు పెట్టిందట. చెయ్యి లోపల పెడితే రెండూ మూలకు నక్కి పాముల్లా బుస కొడతాయి. మిగతా సమయమంతా పంజరంలో వేలాడే మట్టికుండలో దూరి ఉంటాయి. తెల్లవారి అయిదున్నరకు అరుపులు మొదలు. బూడిదది ఒక్కోసారి, వీధిలోకి వచ్చే చెత్త ఆటో పాటలో ఒక ముక్కను ఈల వేస్తుంది. ఒక రాత్రి రెండు గంటలకు రెండూ పిచ్చెత్తినట్టు పంజరానికి కొట్టుకున్నాయి, తెల్లదాని రెక్క నుంచి రక్తం కారింది.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేసే భర్త "మీటింగులో నా వెనకాల అడవి ఉందనుకుంటున్నారు" అని విసుక్కుంటున్నారు. అత్తగారికి ఆయాసం, ఇన్‌హేలర్ వాడతారు. "నోరులేని జీవాల్ని బంధిస్తే పాపం, వదిలేయ్" అంటున్నారు ఆవిడ. ఏడేళ్ల పాప "అమ్మా, వీటికి నేనంటే ఇష్టం లేదా" అని అడుగుతోంది. చిలుకల్ని పెంచడం నేరమని పక్కింటావిడ భయపెట్టింది. "నేను తప్పు చేశానా? ఉంచుకోవాలా, అమ్మేయాలా, వదిలేయాలా? పాప వాటి పేర్లు మారుస్తానంటోంది, మార్చొచ్చా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ముందు మీ టెన్షన్లలో తేలిగ్గా తీరిపోయేవి చూద్దాం.

పక్కింటావిడ చెప్పింది సగం నిజం. మన రామచిలుకను పంజరంలో పెంచడం, కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. ఆంధ్రప్రదేశ్ 2018లో దాన్ని రాష్ట్ర పక్షిగా కూడా పెట్టుకుంది. అయినా జాతకాల పెట్టెల్లో అది ఇంకా చీట్లు తీస్తూనే ఉంది, అది వేరే కథ. మీవి కాకటీళ్లు, ఆస్ట్రేలియా పక్షులు. ఆఫ్రికన్ గ్రే, సన్ కన్యూర్ లాంటి విదేశీ చిలుకలైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వివరాలు నమోదు చేయించాలి. కాకటీల్‌కు ఆ బాధ లేదు. చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెబుతాను. మసలడానికి చోటు చాలని పంజరంలో జీవిని ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం తప్పు. ఆ లెక్కన భయపడాల్సింది చిలుకల్ని చూసి కాదు, మీతోపాటు ఆటో ఎక్కిన ఆ గుండ్రటి పంజరాన్ని చూసి.

తెల్లదాని బట్టతల రోగం కాదు. ఎర్ర కళ్లతో తెలుపు, పసుపు రంగులో ఉండే వాటిని లుటినో అంటారు. వాటిలో చాలావాటికి కుచ్చు వెనక ఈకలు పుట్టుకతోనే ఉండవు. రొమ్ము మీద పీక్కోవడం మాత్రం వేరు, దాని దగ్గరికి వస్తాను. అర్ధరాత్రి గలాటా కూడా ఈ జాతికి ఉన్న బలహీనతే, లుటినోలకు మరీ ఎక్కువ. చీకట్లో బల్లి కదిలినా, కింద బైక్ హెడ్‌లైట్ గోడ మీద పాకినా ప్రాణం పోయినట్టు ఎగిరి కొట్టుకుంటాయి. పంజరానికి కాస్త దూరంలో జీరో వాట్ బల్బు ఒకటి వెలిగించి ఉంచండి, చాలావరకు తగ్గుతుంది. మళ్లీ అలా జరిగితే లైటు వేసి, చెయ్యి పెట్టకుండా, నెమ్మదిగా మాట్లాడండి. రక్తం కనిపిస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టాలి. ఆగకపోతే డాక్టరు దగ్గరికి.

ఇక బుస. మీ ఉత్తరంలో "26 రోజులైనా" అని రాశారు. నాలుగేళ్ల పక్కన ఆ "అయినా" నిలబడదు. వాటి అనుభవంలో పంజరంలోకి వచ్చిన చెయ్యి ఏం చేసింది? గిన్నె లాక్కుంది, లేదంటే పట్టుకుంది. బుస కొట్టడమంటే కరవకుండా చెప్పడం. మీరు చెయ్యి వెనక్కి తీస్తే, తన మాట చెల్లిందని దానికి తెలుస్తుంది. తీయకుండా "అలవాటవుతుందిలే" అని ముందుకు పోతే, బుస దండగని నేర్చుకుని రేపటి నుంచి నేరుగా కొరుకుతుంది. కాబట్టి బుస కొట్టిన ప్రతిసారీ ఆగండి, మాన్పించాలని చూడకండి.

కుచ్చును గమనించండి, అది చాలా చెబుతుంది. నిట్టనిలువుగా లేస్తే ఉలికిపాటు. తలకు అంటుకుపోయి నోరు తెరిస్తే "రావద్దు". కాస్త వెనక్కి వాలి వదులుగా ఉంటే నెమ్మదించింది. రాత్రి పడుకునే ముందు ముక్కు రెండు దవడలూ రాసుకుంటూ కిరకిరమని చిన్న చప్పుడు చేస్తుంది. అది వినపడిన రోజు మీ ఇల్లు దానికి ఇల్లయినట్టే.

మచ్చిక చేయడమంటే నేర్పడం అనుకుంటారు గానీ, మొదటి నెల దాదాపు ఏమీ చేయకపోవడమే పని. రోజూ ఒకే వేళకు, పది నిమిషాల చొప్పున రెండుసార్లు, పంజరానికి నాలుగడుగుల దూరంలో పక్కకు తిరిగి కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనె తీసుకోండి, పాప హోంవర్కు చదివి వినిపించండి. రెండు కళ్లతో సూటిగా చూడటం వేటాడే జంతువు చూపు, వాటికి దడ పుడుతుంది. ఓరగా చూసి రెప్ప వేసి తల తిప్పుకోండి. నిలబడి పైనుంచి వంగకండి, గద్ద వచ్చేదీ అటు నుంచే. మీరున్నా అవి తినడం, ఈకలు దువ్వుకోవడం మొదలుపెడితే అడుగు దగ్గరికి జరగండి. కుండలోకి పారిపోతే అడుగు వెనక్కి.

ఆ తర్వాత కొర్ర కంకి. పెంపుడు జంతువుల షాపుల్లో ప్యాకెట్ కట్టి అమ్మేదీ కొర్రే, మందు కొట్టని కంకి ఊరి నుంచి తెప్పించుకోగలిగితే ఇంకా మంచిది. పొడుగ్గా పట్టుకుని ఊచల మధ్య నుంచి చివర మాత్రం లోపలికి పెట్టండి. మొదటి నాలుగు రోజులు చూసి ఊరుకుంటాయి. అయిదో రోజో పదిహేనో రోజో బూడిదది మెడ సాగదీసి, ఒళ్లంతా వెనక్కి ఉంచి ముక్కు ఒక్కటే ముందుకు పెట్టి, ఒక గింజ లాక్కుని పారిపోతుంది. ఆ రోజుకు అంతే, లేచి వెళ్లిపోండి. ఇంకోటి తినిపిద్దామనే ఆశ మనకుంటుంది, నాకూ ఉండేది. ఆ ఆశతో వారం పని పోగొట్టుకున్నాను ఒకసారి. వారాల మీద కంకిని పొట్టిగా పట్టుకుంటూ పోతే చివరికి వేళ్ల దగ్గరికి వస్తాయి. చేతి మీదికి ఎప్పుడు ఎక్కుతాయంటే, మూడు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. తెల్లది ఎప్పటికీ ఎక్కకపోవచ్చు. అది చూసి బతికేందుకు మీరు సిద్ధమేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

మట్టికుండ సంగతి. అందరూ ముద్దుగా వేలాడదీస్తారు. జంట పక్షులకు చీకటి కుండ అంటే గూడు, గూడు అంటే గుడ్లు. గింజలే తిని బతికిన ఆడపక్షి ఒంట్లో కాల్షియం ఉండదు. గుడ్డు లోపల ఇరుక్కుంటే ఒక్క రోజులో ప్రాణం మీదికి వస్తుంది. ఉబ్బరించుకుని పంజరం అడుగున కూర్చుని ముక్కుతున్నట్టు కనిపిస్తే రేపు చూద్దామనుకోకండి. అలాగని కుండను ఇవాళే పీకేస్తే వాటికున్న ఒకే ఒక్క దాపు పోతుంది. ముందు పంజరానికి రెండు వైపులు గుడ్డ కప్పండి, పైన ఒక మూల ఆకుల కొమ్మ కట్టండి. అవి అక్కడ కూర్చోవడం అలవాటయ్యాక కుండ తీసేయండి. సాయంత్రం ఆరున్నరకల్లా, ఆ జీరో బల్బు వైపు కాస్త సందు వదిలి కప్పి, పన్నెండు గంటలు చీకటి, నిద్ర ఇవ్వండి. పగలు తగ్గితే గుడ్ల ఆలోచనా తగ్గుతుంది. పొద్దున దుప్పటి తీసేదాకా అరుపులు కూడా కాస్త ఆగుతాయి, మీ వారికి ఊరట. అరుస్తున్నాయని పట్టపగలు గుడ్డ కప్పడం మాత్రం శిక్ష, అది చేయొద్దు.

పంజరం మార్చాలి. గుండ్రంది కాకుండా నాలుగు పలకలది, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ ఉన్నది, రెండూ రెక్కలు పూర్తిగా చాపినా ఊచలకు తగలనిది. ఊచల మధ్య అర అంగుళం దాటకూడదు. ఒకే మందం ప్లాస్టిక్ కర్రల మీద ఏళ్ల తరబడి నిలబడితే పాదాలు పుండ్లు పడతాయి. జామ కొమ్మలు, వేప కొమ్మలు కడిగి ఎండబెట్టి లావువి, సన్నవి కలిపి పెట్టండి. బెరడు పీకే పని దొరికితే తెల్లది తన ఈకల జోలికి పోవడం కొంత తగ్గవచ్చు. కానీ ముందు డాక్టరు చూడాలి. పురుగులు, కడుపులో పరాన్నజీవులు, పోషణ లోపం ఏదైనా కారణం కావచ్చు, అన్నిటికీ విసుగే కారణం అనుకోకూడదు. నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి గానీ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గానీ ఫోన్ చేసి, పక్షుల్ని చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. రెండింటినీ తీసుకెళ్లండి, రెట్ట అంటిన కాగితం కూడా.

తిండి విషయంలో ఒక మోసం ఉంది. గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఒకసారి ఊది చూడండి, పైదంతా పొట్టే. మీరు గింజలున్నాయనుకుంటారు, అవి పస్తుంటాయి. రోజూ ఊదాలి. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం లేనట్టే. వాటిని తగ్గిస్తూ కొర్రలు, సజ్జలు, పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసి అమ్మే గుళికల తిండి), సన్నగా తరిగిన తోటకూర, మునగాకు, క్యారెట్ తురుము, మొలకెత్తిన పెసలు అలవాటు చేయండి. పచ్చిమిరపకాయ ఇచ్చినా ఇష్టంగా తింటాయి, పక్షుల నాలుకకు కారం తెలియదు. సముద్రపు నురగ అని మూలికల కొట్లో అడిగితే ఇచ్చే కటిల్‌బోన్ ఒకటి ఊచలకు కట్టండి. వెన్నపండు, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసినవి వద్దు. నాలుగేళ్లు గింజలే తిన్న పక్షికి ఆకు చూపిస్తే అది తిండని కూడా తెలియదు. ఆకలైతే అదే తింటుందిలే అని పాతవి ఒక్కసారి ఆపేయకండి, ఇంత చిన్న ప్రాణి ఒకటి రెండు రోజుల పస్తుకే పోతుంది. వంటింటి గ్రాముల తూకం మీద వారానికి మూడుసార్లు బరువు చూడండి. పట్టుకుని కాదు, తూకం మీద కొమ్మ పెట్టి పైన కంకి ఉంచితే కొన్నాళ్లకు అవే ఎక్కుతాయి. మామూలుగా 80 నుంచి 100 గ్రాములుంటాయి. ఉన్నదాంట్లో పదోవంతు తగ్గితే ప్రమాదమే.

ఇప్పుడు పంజరం ఎక్కడ పెట్టాలన్నది. మీరు వంటింటి పక్క యుటిలిటీలో పెట్టారని రాశారు. ఇవాళే తీయండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పక్షిని చంపేస్తుంది. శుక్రవారం సాంబ్రాణి, దోమల చక్రం, రూమ్ స్ప్రే, ఇవన్నీ వాటికి విషమే. బాల్కనీ అయితే పావురాలు, కాకులు, మేలో ఎండ. కాసేపు మీరుండగా పర్వాలేదు, కాపురం అక్కడ వద్దు. మిగిలినవి మీ వారు పనిచేసే గది, హాలు. ఆ గదిలో పెడితే గొడవ రోజూ ఉంటుంది. హాల్లో కిటికీ పక్క గోడకు ఆనించి, ఫ్యాను కింద కాకుండా పెడితే నాకు నయమనిపిస్తుంది. ఎప్పుడైనా బయటికి వదిలితే ముందు ఫ్యాను ఆపాలి, ఇది ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి.

హాలు అంటే అత్తగారు. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. కాకటీళ్ల ఈకల నుంచి తెల్లటి పొడి నిత్యం రాలుతుంది. ఆయాసం ఉన్నవారికి అది మంచిది కాదు. పైగా చిలుకల రెట్ట ద్వారా మనుషులకు సోకే సిటకోసిస్ అనే జ్వరం ఒకటుంది, అరుదే గానీ పెద్దవయసు వారిని బాగా ఇబ్బంది పెడుతుంది. ఆవిడను చూసే డాక్టరుకు ఇంట్లో పక్షులున్నాయని చెప్పండి. ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి, మాస్కు కట్టుకుని మీరే చేయండి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడితే అవి స్నానం చేస్తాయి, పొడి తగ్గుతుంది. ఇంత చేసినా ఈ 26 రోజుల్లో ఆవిడ ఇన్‌హేలర్ వాడకం పెరిగి ఉంటే, చిలుకలకు వేరే ఇల్లు చూడాల్సిందే. అందులో మీ ఓటమి ఏమీ లేదు.

వేరే ఇల్లంటే ఎలాంటిది? ఆవిడ అన్నట్టు వదిలేస్తే పుణ్యం రాదు. కేబీఆర్ పార్కులో వదిలినా తినడానికేం దొరుకుతుందో వాటికి తెలియదు, ఆ తెల్ల రంగు గద్దకు మైలు దూరం నుంచి కనిపిస్తుంది. రెండు రోజులు కూడా కష్టం. పక్షులమ్మే ముర్గీచౌక్‌ బజారులో అమ్మితే కొంత డబ్బు వస్తుంది, ఈకలు పీక్కున్నదానికి అదీ తక్కువే. ఇరవై పక్షుల మధ్య ఇరుకు పంజరం, తర్వాత ఇంకో వాషింగ్ మెషీన్ పక్కకు. ఒకదాన్ని ఉంచుకుని ఒకదాన్ని ఇవ్వడం అన్నిటికన్నా చెడ్డ బేరం, ఈ నాలుగేళ్లూ వాటికి ఒకదానికొకటే తోడు. ఇప్పటికే కాకటీళ్లను పెంచుతున్న ఇల్లు దొరికితే మంచిది. మీరు స్వయంగా వెళ్లి వాళ్ల పంజరం, గిన్నెలు చూసి, రెండింటినీ కలిపే ఇవ్వండి. దానికి రెండు మూడు నెలలు పట్టినా పర్వాలేదు, ఈలోగా మీరు పెట్టే తోటకూర వృథా పోదు.

ఉంచుకుంటే లెక్క ఇంకోటి. ఇవి పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాయి. పాప ఇంజనీరింగో మరోటో చదివే నాటికి కూడా మీ హాల్లో ఈల వినిపిస్తూనే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? దీపావళి రాత్రి టపాసుల మధ్య ఎవరు దగ్గర కూర్చుంటారు? ఈ ప్రశ్నలు మీ ఒక్కరివే అయితే ఏడాదికి మీరే అలిసిపోతారు. మీ వారి విసుగు అరుపుల మీద కన్నా, అడక్కుండా తెచ్చినందుకని నాకనిపిస్తోంది. అడిగి ఉంటే ఆయన వద్దనేవారు, అందుకే మీరు అడగలేదు. ఆ మాట ఒకసారి ఆయన ముందు ఒప్పుకుని, "మూడు నెలలు చూద్దాం, అత్తయ్య ఆరోగ్యం ముందు" అని చెప్పి చూడండి. ఉదయం, సాయంత్రం అవి అరవడం సహజమని, తమ గుంపు ఎక్కడుందో పిలిచి చూసుకోవడమని కూడా చెప్పండి. తిరిగి అరిస్తే గుంపు దొరికిందనుకుని రెట్టింపు చేస్తాయి. మెల్లగా ఈల వేస్తే, ఆ ఈల కోసం గొంతు తగ్గిస్తాయి.

పాపతో నిజం చెప్పండి: వాటికి నువ్వంటే అయిష్టం కాదు, నువ్వెవరో ఇంకా తెలియదు. తూకం మీద అంకె చదివి నోటుబుక్కులో రాసే పని పూర్తిగా తనకే ఇవ్వండి. చెయ్యి పెట్టకుండా చేయగలిగిన ముఖ్యమైన పని అదే.

పేర్లు మార్చుకోవచ్చు, పాత పేర్లతో వాటిని పిలిచినవారెవరూ నాలుగేళ్లుగా లేరు కదా. తెల్లదానికి పాప ఇష్టం. బూడిదదానికి మాత్రం ఆ చెత్త ఆటో ఈల ముక్కనే పేరుగా పెట్టుకోమనండి, పిలిచినప్పుడల్లా అదే వేయమనండి. దానికి ఆ పేరు ఎలాగూ వచ్చు. పాపకు ఈల వేయడం రాదంటారేమో, నేర్చుకునేదాకా అది ఆగుతుంది లెండి.